సగం గుర్తున్న పేరు: అమృతధార తీర్పు పనితనం

కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు. మూడూ గట్టి పదార్థాలే. సమపాళ్లలో ఒక సీసాలో వేసి బిరడా బిగిస్తే, నీటి చుక్క అక్కర్లేకుండా, కాసేపటికి వాటంతటవే కరిగి తైలంలా తయారవుతాయి. కడుపునొప్పి వస్తే రెండు చుక్కలు పంచదారలో వేసి మింగడం, తలనొప్పి వస్తే కణతలకు రాసుకోవడం పాతకాలపు ఇళ్లలో మామూలే. ఈ మిశ్రమాన్ని చాలామంది అమృతధార అనే పిలుస్తారు. అది ఒక మందుల కంపెనీ రిజిస్టరు చేయించుకున్న పేరని, ఆ పేరు కోసం సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం నడిచిందని తెలిసినవాళ్లు తక్కువ. ఆ వ్యాజ్యంలో 1962లో జస్టిస్ ఎస్.కె. దాస్ రాసిన తీర్పు గురించే ఈ వ్యాసం.

తీర్పులో చివరికి ఏం తేలిందన్నది ట్రేడ్ మార్క్ చట్టం మీద వచ్చిన ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. నాకు ఆసక్తి ఆ తీర్పు అల్లిక మీద. మన దగ్గర కథను, పద్యాన్ని, శిల్పాన్ని పట్టి చూసేవాళ్లు ఉన్నారు గాని, తీర్పును అలా చూసే అలవాటు వకీళ్లలో కూడా అంతగా లేదు. గెలుపోటములు చూసి, పనికొచ్చే నాలుగు వాక్యాలు ఎత్తి రాసుకుని పుస్తకం మూసేస్తారు. ఈ తీర్పులో ఆ నాలుగు వాక్యాల కన్నా వాటి చుట్టూ ఉన్న వాక్యాలు గొప్పవి.

ముందు కథ. లాహోర్‌లో 1901లో ‘అమృత్ కీ ధారా’ అన్న పేరుతో మొదలైన మందు 1903 నుంచి అమృతధార అయింది. తలనొప్పి, విరేచనాలు, మలబద్ధకం, ఇంకా అలాంటి బాధలకు వాడే మందు. దేశ విభజన తర్వాత ఆ ఫార్మసీ దేహ్రాదూన్‌కు తరలి వచ్చింది. 1950 జులైలో కాన్పూర్ వ్యాపారి ఒకాయన తన మందు పేరు ‘లక్ష్మణధార’ను రిజిస్టరు చేయమని దరఖాస్తు పెట్టుకున్నాడు. 1923 నుంచీ ఆ పేరుతోనే అమ్ముతున్నానని చెప్పాడు. అమృతధార వాళ్లు అడ్డుపడ్డారు.

రిజిస్ట్రారు ఇద్దరికీ చెరో సగం ఇచ్చాడు. పేర్లు తికమకపెట్టేటంతగా పోలి ఉన్నమాట నిజమే అన్నాడు. కానీ అమృతధార వాళ్లు ఇన్నేళ్లూ చూస్తూ ఊరుకున్నారు కాబట్టి, లక్ష్మణధార ఎక్కువగా అమ్ముడుపోయే ఉత్తరప్రదేశ్ వరకు దాన్ని రిజిస్టరు చేయొచ్చన్నాడు. ఇద్దరికీ నచ్చలేదు. ఒకాయనకు హద్దు నచ్చలేదు, ఇంకొకాయనకు అసలు రిజిస్ట్రేషనే నచ్చలేదు. ఇద్దరూ అలహాబాద్ హైకోర్టుకు ఎక్కారు. 1958లో హైకోర్టు కాన్పూర్ వ్యాపారి పక్షాన నిలిచింది. అమృతం, ధార రెండూ వాడుకలో ఉన్న మామూలు హిందీ మాటలే; అమృతధార అంటే అమృతపు ధార, లక్ష్మణధార అంటే లక్ష్మణుడి ధార; ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే భారతీయుడే ఉండడు అని తేల్చింది.

ఈ వాదన వినడానికి బాగానే ఉంది. తెలుగు వచ్చిన మనకు మరీ బాగుంటుంది, రెండు మాటలకూ మనకు నిఘంటువు అక్కర్లేదు. వ్యాకరణం దృష్టితో చూస్తే హైకోర్టు చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే దాన్ని ఎలా తిప్పికొట్టారో చూడడం ఆసక్తికరం.

జస్టిస్ దాస్ ముందుగా ఒక లోటును ఒప్పుకుంటారు. ఏది మోసం, ఏది తికమక అని కొలిచే కొలమానం 1940 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ఇవ్వలేదు. కాబట్టి ఏ కేసుకా కేసు దాని సంగతుల మీదే తేలాలి. పాత తీర్పుల్లో ఎవరు గెలిచారన్నది మనకు పనికిరాదు, ఏ పరీక్ష పెట్టి చూశారన్నదే పనికొస్తుంది అంటారు. ఒక న్యాయమూర్తి తన తీర్పును కూడా రేపు ఎలా వాడుకోవాలో ఇలా ముందే చెప్పి పెట్టుకోవడం అరుదు.

ఆ తర్వాత రెండు ప్రశ్నలు వేసుకుంటారు. పోలిక చూసి తికమకపడే మనిషి ఎవరు? రెండు పేర్లనూ ఏ పద్ధతిలో పోల్చాలి? ఈ వరసలోనే తీర్పు సగం తేలిపోయింది. ముందు మనిషి, తర్వాత మాట. హైకోర్టు ముందు మాటను పట్టుకుంది. మాటను విడదీసింది, అర్థం చెప్పింది, చివరికి ‘ఏ భారతీయుడూ’ అని ఒక మనిషిని తెచ్చి నిలబెట్టింది. ఆ భారతీయుడు ఎవరో చెప్పలేదు. చదివితే మాత్రం తెలుస్తుంది, ఆయన హైకోర్టు న్యాయమూర్తి లాంటివాడే. సమాసం విడదీయగలడు, తీరిగ్గా ఆలోచించగలడు, కడుపునొప్పి లేదు.

సుప్రీంకోర్టు తెచ్చిన మనిషి వేరు. ఈ మందు కొనేది పల్లెటూరివాళ్లు, పట్నంవాళ్లు, చదువుకున్నవాళ్లు, చదువురానివాళ్లు. వాళ్లు పేరును ముక్కలు చేసి వ్యుత్పత్తి చూడరు. మొత్తం మీద పేరు ఎలా కనిపించింది, ఎలా వినిపించింది అన్నదాన్ని బట్టి పోతారు. ఇదివరకు తాను కొన్న మందో, ఎవరో చెప్పిన మందో, మరోలా తెలుసుకున్న మందో, అది కావాలి. ఈ మూడు దారులనూ తీర్పు విడివిడిగా చెబుతుంది. ‘ఎవరో చెప్పిన’ అన్నది చూడండి. మన ఊళ్లలో మందుల పేర్లు ఎలా పాకుతాయో తెలిసినవాళ్లు రాసిన మాట అది. పక్కింటావిడ చెబుతుంది, బస్సులో పక్క సీటాయన చెబుతాడు. సీసా చూపించి చెప్పరు, నోటితో చెబుతారు. చెవిన పడిన పేరు దుకాణానికి వెళ్లేసరికి సగమే మిగులుతుంది. ఆ మిగిలిన సగం ‘...ధార’ అయితే?

ఇక లక్ష్మణుడి పేరా. ఈ తీర్పులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ‘లక్ష్మణుడి ధార’ అనే మాటకు అక్షరాలా చూస్తే అర్థమే లేదంటారు జస్టిస్ దాస్. అర్థం రావాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి: ఈ ధార రామాయణంలోని లక్ష్మణుడంత స్వచ్ఛమైనది, అంత బలమైనది అని ఊహించుకోవాలి. మామూలు పల్లెటూరి మనిషికైనా, పట్నం మనిషికైనా లక్ష్మణుడు తెలిసే ఉంటాడు, రామాయణం అతనికి పరిచయమే. కానీ మందు కొనడానికి వచ్చినవాడు ఆ వ్యుత్పత్తి దాకా వెళ్లి రెండు పేర్ల భావాల్లో తేడా కనిపెడతాడా అన్నది అనుమానమే అంటారు.

ఇందులో రెండు పనులు ఒకేసారి జరిగాయి. ఒకటి, హైకోర్టు వాదనను దాని బలం మీదే కొట్టారు. మీరు అర్థం అంటున్నారు కదా, సరే, అర్థమే చూద్దాం అని ఒక్క అడుగు ముందుకు వేసి, ఆ అర్థం ఎంత దూరంలో ఉందో చూపించారు. ఎదుటివాడి వాదనను తోసిపారేయకుండా దానితోపాటే కొంతదూరం నడిచి, అది ఎక్కడ ఆగిపోతుందో అక్కడ వదిలిపెట్టడం మంచి తర్కం. రెండోది ఇంకా సున్నితమైనది. అంతకు ముందు వాక్యంలో చదువురాని, చదువు అంతంతమాత్రమైన కొనుగోలుదారుల ప్రస్తావన వచ్చింది. అక్కడే ఆగి ఉంటే అది పట్నపు కోర్టు పల్లెటూరి మనిషి మీద జాలిపడ్డట్టు ఉండేది. వెంటనే అదే మనిషి చేతిలో రామాయణం పెట్టారు. అతనికి తెలియనిదేమీ లేదు. మందుల కొట్టు ముందు నిలబడినప్పుడు అతని ధ్యాస అక్కడ ఉండదు, అంతే. తీర్పు ఆ మాట విడమరిచి చెప్పదు, వాక్యాల వరసతోనే తెలిసేలా చేస్తుంది. ఆ మాటకొస్తే, అర్ధరాత్రి కడుపు పట్టుకుని మందుల షాపుకు పరిగెత్తే పీహెచ్‌డీ పట్టభద్రుడు కూడా సమాసాలు విడదీయడు.

తికమక అంటే ఏమిటి? జస్టిస్ దాస్ దీనికి ట్రేడ్ మార్క్స్ మీద ఇంగ్లండులో పేరుబడ్డ కెర్లీ పుస్తకాన్ని ఆసరా తీసుకున్నారు. కొనేవాడు ఒక గుర్తు చూస్తాడు. ఇది నేను ఇదివరకు కొన్నదానిలా లేదే అనిపిస్తుంది. వెంటనే, లేదేమో, నాకే సరిగా గుర్తులేదేమో అని తన జ్ఞాపకం మీద తనకే అనుమానం వస్తుంది. ఆ ఊగిసలాటకు తికమక అని పేరు. దీని పదును ఒకసారి గమనించండి. రెండు సరుకులకూ తేడా కనబడుతోంది కదా, ఇక మోసం ఎక్కడిది అన్నది నకలు చేసేవాళ్ల మొదటి వాదన. ఈ నిర్వచనం ఆ వాదన కింద నేలనే లాగేసింది. తేడా కనబడినా తికమకే. ఎందుకంటే ఆ తేడా సీసా మీద ఉందో, తన మతిమరుపులో ఉందో కొనేవాడు తేల్చుకోలేడు. మతిమరుపును మనిషి లోపంగా కాకుండా బజారు నిజంగా లెక్కలోకి తీసుకోవడం ఈ శాస్త్రంలో ఉన్న గొప్ప మానవీయత అని నేననుకుంటాను.

దీనికి కంచె కూడా వేశారు. మరీ మందమతులు, వెర్రివాళ్లు పొరబడతారన్న కారణంతో ఏ పేరునూ కాదనకూడదని స్పష్టంగా చెప్పారు. లెక్కలోకి వచ్చేది సామాన్యమైన తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న ఏమరుపాటు మనిషి. ఆ కంచె లేకపోతే పాత కంపెనీలు ప్రతి కొత్త పేరునూ తొక్కేసేవి.

ఇంకో అభ్యంతరం ఉంది, అది చిన్నది కాదు. ధార అనే మామూలు మాటను ఒక కంపెనీ సొత్తు చేసేస్తారా? హైకోర్టు ఈ భయాన్ని బయటపెట్టింది. సుప్రీంకోర్టు జవాబు పొడిగా, పొట్టిగా ఉంది: అమృతధార వాళ్లు ధార మీద గుత్తాధిపత్యం అడగడం లేదు. తమ పూర్తి పేరు మీద చట్టం ఇచ్చిన హక్కును, దాన్ని పోలిన పూర్తి పేరును అడ్డుకునే హక్కును అడుగుతున్నారు. ట్రేడ్ మార్క్ అంటే మొత్తం మాట. ముక్కను ముక్కతో పోల్చడం ప్రమాదం అని ఇంగ్లండు న్యాయమూర్తి ఫార్వెల్ అన్నదాన్ని ఇక్కడ తోడు తెచ్చుకున్నారు. హైకోర్టు విడదీసి చూసిన చోటే తప్పు జరిగిందని, అంత మర్యాదగా చెప్పారు.

మొత్తం మాట అనే ఈ సూత్రానికి తెలుగువాళ్లు ఇంట్లోనే ఒక ఉదాహరణ చూడొచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం. ఆ పేరులో అమృతం ఉంది, అదీ తలనొప్పికే. ముక్కలు చేసి చూసే పద్ధతి సరైనదైతే, అమృతధారకు లక్ష్మణధార కన్నా అమృతాంజనమే దగ్గర చుట్టం కావాలి. మొదటి సగం అచ్చుగుద్దినట్టు ఒకటే కదా. కానీ అమృతాంజనం అడిగితే అమృతధార ఇచ్చారని ఎవరైనా గొడవపడగా నేను వినలేదు. చెవికి రెండూ వేరు. లక్ష్మణధార, అమృతధార మాత్రం అంత్యప్రాసలా ఒకే చోట వచ్చి వాలతాయి. ఈ పోలిక నాది, తీర్పులో లేదు.

సామాన్యుడి జ్ఞాపకాన్ని కొలబద్దగా పెట్టడం ఈ తీర్పు కనిపెట్టింది కాదు. 1906లోనే ఇంగ్లండులో జస్టిస్ పార్కర్ దారి వేశారు: రెండు మాటల రూపం చూడు, ధ్వని చూడు, సరుకు ఏమిటో చూడు, కొనేవాళ్లు ఎలాంటివాళ్లో చూడు. అక్కడి గొడవ పియానోను దానంతటదే వాయించే యంత్రాల పేర్ల మీద, పియానోలా ఒకటి, నియోలా ఇంకొకటి. అంత ఖరీదైన వస్తువు కొనేవాళ్లు చదువుకున్నవాళ్లు, చూసి చూసి కొనేవాళ్లు. పొరబడరని చెప్పి నియోలాను రిజిస్టరు చేయనిచ్చారు. సూత్రం అదే, మనిషి మారాడు. లండన్ డ్రాయింగు రూములో నియోలా గెలిచింది, కాన్పూర్ బజారులో లక్ష్మణధార ఓడింది. అరువు తెచ్చుకున్న న్యాయసూత్రాన్ని మన నేలమీద ఎలా నాటాలో ఇంతకన్నా బాగా చూపించిన తీర్పు నాకు తెలిసి ఎక్కువ లేవు.

ఇక్కడ ఆగిపోయి ఉంటే ఇది ఒక మంచి తీర్పు అయి ఉండేది. రెండో సగం దీన్ని అంతకు మించినదాన్ని చేసింది.

పేర్లు పోలి ఉన్నాయని ఇంత గట్టిగా నిరూపించాక, పాఠకుడు అమృతధార పూర్తి విజయం కోసం ఎదురు చూస్తాడు. జస్టిస్ దాస్ అక్కడ మలుపు తిరుగుతారు. లక్ష్మణధార రాత్రికి రాత్రి పుట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా బజారులో ఉంది, పత్రికల్లో ప్రకటనలు వేసుకుంది, తన వ్యాపారం తాను పెంచుకుంది. అమృతధార వాళ్లకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఊరుకున్నారు.  సుప్రీంకోర్టు ఈ మౌనాన్ని వదిలిపెట్టలేదు.

ఈ భాగంలో ఆయన పట్టుకున్న సూత్రం ఇంగ్లండు న్యాయగ్రంథం హాల్స్‌బరీ సంపుటంలోది. మంచి ఉద్దేశంతో వ్యాపారం చేసుకుంటున్న ఇంకొకడిని నీ పేరులాంటి పేరు మీద ప్రతిష్ఠ కట్టుకోనిచ్చి, కట్టాక ఇది నాది అంటే కుదరదు. అడిగే హక్కే పోవచ్చు. అయితే అవతలివాడిది మోసమైతే ఎన్నేళ్లు వాడినా అతనికి హక్కు రాదు. అవతలివాడు పేరు సంపాదించుకోక ముందే హెచ్చరిస్తే నీ పక్షం బలపడుతుంది. నోరున్న హక్కుకే విలువ. కొనేవాడి ఏమరుపాటును మన్నించిన కోర్టు అమ్మేవాడి ఏమరుపాటును మన్నించలేదు. కొనేవాడికి మరచిపోయే వెసులుబాటు ఉంది, పేరు సొంతదారుకు లేదు. తీర్పులోని రెండు సగాలూ ఈ ఒక్క చోట కలుసుకుంటాయి. అది కావాలని చేసిందో, సత్యాన్ని వెతుక్కుంటూ పోతే దానంతటదే కుదిరిందో చెప్పలేం.

చివరికి హైకోర్టు తీర్పును కొట్టేసి, రిజిస్ట్రారు మొదట ఇచ్చిన ఉత్తర్వునే నిలబెట్టారు. లక్ష్మణధారకు రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఉత్తరప్రదేశ్ లోపల. అంటే కోర్టుల మెట్లన్నీ ఎక్కి దిగాక వ్యాజ్యం బయల్దేరిన చోటికే చేరింది. కింది అధికారి చెప్పింది సరైనదైతే దాన్నే నిలబెట్టడం, పై కోర్టు కదా అని కొత్తగా ఏదో ఒకటి కనిపెట్టకపోవడం కూడా పనితనంలో భాగమే.

తీర్పులో నాకు నచ్చని చోటు కూడా ఇదే. పేరుకు రాష్ట్రం హద్దు గీయడం కాగితం మీద సొంపుగా ఉంటుంది గాని, సీసాకు హద్దు తెలియదు. కాన్పూర్‌లో రైలెక్కిన సీసా సరిహద్దు దాటగానే మాయం కాదు. పొరుగు రాష్ట్రంలో బంధువుల ఇంటికి వెళ్లిన మనిషి ఆ సంచిలోని మందు పేరు అక్కడా చెబుతాడు. పల్లెటూరి మనిషి చెవి ఎలా పనిచేస్తుందో అంత వివరంగా చూసిన కోర్టు, అదే చెవి ఉత్తరప్రదేశ్‌లో ఉన్నంతసేపు తికమకపడినా ఫరవాలేదన్నట్టు అయింది. తూకం కోసం అలా చేశారు, అర్థమవుతుంది. తర్కానికి మాత్రం అక్కడ ఒక చిన్న చిరుగు ఉంది. ఇప్పటి ఆన్‌లైన్ అమ్మకాల కాలంలో అలాంటి హద్దు గీయడం మరీ కష్టం.

ఈ తీర్పు మనిషి ఆ తర్వాత చాలా కేసుల్లో కనిపిస్తాడు. 1972లో పార్లే గ్లూకో బిస్కట్ల పొట్లం కేసు వచ్చింది. ఒక పొట్లం మీద ఆవులు, కోళ్ల మధ్య నీళ్ల బొక్కెనతో ఒక అమ్మాయి. ఇంకో పొట్లం మీద అలాంటి రంగుల్లోనే, గడ్డిమోపుతో ఒక అమ్మాయి, ఆవు, దూడ. పక్కపక్కన పెడితే తేడాలు లెక్కపెట్టొచ్చు. కానీ బిస్కట్లు కొనేవాడు రెండు పొట్లాలూ పక్కపక్కన పెట్టుకోడు. ఒకటి ఇవాళ, ఇంకోటి ఇంకోరోజు చూస్తాడు. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది బొక్కెనా, మోపా అని ఎవరికి గుర్తుంటుంది? మామూలు కొనుగోలుదారుకు షెర్లాక్ హోమ్స్ చూపు ఉండదని ఆ తీర్పులో ఒక చమత్కారం కూడా ఉంది.

పోలిక ఒప్పుకోని కేసులూ లేకపోలేదు. విటమిన్ మందులు ప్రోటోవిట్, డ్రోపోవిట్ మధ్య 1969లో వచ్చిన తగాదాలో సుప్రీంకోర్టు రెండూ వేరు అంది. చివరి ‘విట్’ ఆ వ్యాపారంలో అందరూ వాడేదే, ముందు భాగాలు వినడానికి బాగా తేడాగా ఉన్నాయి. పాత తీర్పులో గెలుపును కాదు, పరీక్షను చూడమన్న జస్టిస్ దాస్ మాటకు ఇది మంచి సాక్ష్యం.

2001లో కాడిలా కేసు అసలు బిగువు తెచ్చింది. ఫాల్సిగో, ఫాల్సిటాబ్, రెండూ మెదడుకు సోకే మలేరియాకు వాడే మందులు. డాక్టరు చీటీ మీద అమ్మే మందులు కదా, డాక్టర్లు పొరబడరు అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. డాక్టర్లూ, మందుల షాపువాళ్లూ కూడా పొరబడగలరు, మందు విషయంలో పొరబాటు ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి మందుల పేర్లకు మిగతా సరుకుల కన్నా గట్టి పరీక్ష ఉండాలంది. అందరికీ ఒకే భాష లేని దేశంలో, ఇంగ్లిషు పేర్లు చదవలేని జనం ఎంతో మంది ఉన్నచోట, విదేశీ తీర్పుల కొలతలు గుడ్డిగా పనికిరావని కూడా చెప్పింది. అమృతధార తీర్పును ఆ సందర్భంలో విస్తారంగా ఉదహరించారు.

కంప్యూటర్ల కాలానికి కూడా అదే మనిషి నడిచొచ్చాడు. 2004లో సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ సొల్యూషన్స్ అనే రెండు కంపెనీల మధ్య ఇంటర్నెట్ చిరునామాల కేసును జస్టిస్ రూమా పాల్, జస్టిస్ పి. వెంకటరామ రెడ్డి విన్నారు. ‘సిఫీ’ అన్నది సత్యం ఇన్ఫోవే నుంచి పుట్టించిన పేరు. ఎదుటివాళ్లు ఇంకో ‘ఎఫ్’ చేర్చి అదే ధ్వనితో ఇంకో పేరు పెట్టుకుని, అది తమ ఐదుగురు వ్యవస్థాపకుల పేర్ల మొదటి అక్షరాలని చెప్పుకొచ్చారు. రికార్డుల్లో ఆ ఐదుగురూ అలా కనబడలేదు. ఆ వివరణ అల్లిన కథేనని కోర్టు తేల్చింది. డొమైన్ పేర్ల కోసం దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, వ్యాపార గుర్తులకు వర్తించే న్యాయమే వాటికీ వర్తిస్తుందంది. పరీక్ష మళ్లీ అదే: మామూలు జ్ఞాపకం ఉన్న మనిషి, సరిగా గుర్తుండకపోవడం.

వ్యాపారం చేసేవాళ్లకు ఈ తీర్పు ఇప్పటికీ అక్కరకొస్తుంది. కొత్త పచ్చళ్ల కంపెనీకో, చీరల దుకాణానికో పేరు ఆలోచిస్తున్నవాళ్లు ముందు లోగో గీయించి, డొమైన్ కొని, బోర్డు వేయించి, చివర్లో వకీలు దగ్గరికి వెళ్తారు. వరస తిరగబడింది. పేరు కాగితం మీద రాసి చూసుకుంటే చాలదు. గట్టిగా పలికి, ఆ వ్యాపారంలో ఇప్పటికే ఉన్న పేర్లు పలికి, చెవికి ఎలా వినబడుతోందో చూసుకోవాలి. ఇప్పటి 1999 చట్టంలో 29వ సెక్షన్ తొమ్మిదో ఉపసెక్షన్ ప్రకారం, అచ్చులో వేస్తేనే కాదు, నోటితో పలికినా ఉల్లంఘనే. రేడియో ప్రకటనలూ, సోషల్ మీడియాలో మాట్లాడే వీడియోలూ అందులోకి వచ్చేస్తాయి. ‘మాది వేరే స్పెల్లింగ్ అండీ’ అన్నది అక్కడ ఆదుకోదు.

ఇప్పటికే పేరు ఉన్నవాళ్లకు రెండో సగం ముఖ్యం. అదే చట్టంలో 33వ సెక్షన్ ఉంది. తర్వాత వచ్చినవాడు రిజిస్టరు చేయించుకుని పేరు వాడుతుంటే, ముందున్నవాడు ఆ సంగతి తెలిసీ వరుసగా ఐదేళ్లు ఊరుకుంటే, ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయమని గాని, వాడకం ఆపమని గాని అడగలేడు. తర్వాతవాడు మంచి ఉద్దేశం లేకుండా దరఖాస్తు పెట్టి ఉంటే తప్ప. అమృతధార కాలంలో ఎంతకాలం మౌనం ఎక్కువ అన్నది న్యాయమూర్తి విచక్షణ. ఇప్పుడు చట్టమే లెక్క చెప్పింది. తన పేరులాంటి పేరు బజారులో కనిపించినప్పుడు పోనీలే అనుకునే మొహమాటం మనవాళ్లకు ఎక్కువ. ఒక నోటీసు ఖర్చు చూసి వెనకాడి, తర్వాత పెద్ద వ్యాజ్యం నెత్తిన పెట్టుకునేవాళ్లు తరచూ కనబడతారు.

తీర్పు పొడుగైనదేమీ కాదు. ఇంగ్లిషులో ఉన్నా వాక్యాలు నేరుగా ఉంటాయి, చట్టం చదువుకోనివాళ్లకు కూడా అందుతాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. వ్యాపారం పెట్టబోయేవాళ్లు, ప్రకటనలు రాసేవాళ్లు, న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదవండి. నోట్సు పుస్తకాల్లో ఎత్తి రాసిన ఆ నాలుగు వాక్యాలతో సరిపెట్టుకోకండి.